బొగ్గు మీద సున్నం

"ఈ మూల తెలుపు లేదేంటి హనూ? ఎవరో గీకేసినట్టుంది?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా, ప్రొజెక్టర్ వైరు వెతుక్కుంటూ రవళి బయటికి వెళ్ళిపోయింది. ఆమె మాటలో ఏ ఉద్దేశమూ లేదు. చూసింది, కనబడింది, అడిగింది, అంతే. నేను మాత్రం బల్ల దగ్గరే నిలబడిపోయాను. బల్ల మీద బొమ్మ రైలు పట్టాలు గుండ్రంగా ఉన్నాయి, వాటి మీద ఇంజను, ఇంజను వెనక అరచేతి పొడవు వ్యాగన్లు, వ్యాగన్లలో నేను చేసిన బొగ్గు లోడ్లు. ప్రతి లోడు మీద పొడుగునా సున్నం గీత, ప్రతి గీతా ఒక మూల దగ్గర తెగిపోయి ఉంది. ఒకదానికి కాదు, అన్నిటికీ. నేనే చేశాను. మూడు వారాలుగా రోజూ సాయంత్రం ఇంట్లో నేల మీద కూర్చుని నా చేత్తో నేనే చేశాను, సున్నంలో టూత్‌బ్రష్ ముంచి గీత వేసి, మూల దగ్గరికి రాగానే చెయ్యి దానంతట అదే ఆగిపోయింది, అక్కడ నల్లగా వదిలేసి ఇంకొంచెం బొగ్గు గోటితో గీకి పల్లం చేశాను, చేసి దూరం నుంచి చూసుకుని ఎంత అచ్చంగా వచ్చిందో అనుకున్నాను. బొగ్గు వ్యాగను అంటే అలాగే ఉంటుంది కదా. నేను చూసిన వ్యాగన్లన్నీ అలాగే ఉండేవి.

విమానం ఒకటి కిటికీ అద్దాలు గజగజలాడించుకుంటూ అమీర్‌పేట మీదుగా బేగంపేటలోకి దిగుతోంది. ఇందులో ఉన్నారేమో జోగారావు గారు. కరెంటు ప్లాంటుకు బొగ్గు తెప్పించే విభాగం అంతా ఆయన చేతిలోనే ఉంటుందట. దిగాక కారులో పంజాగుట్ట చౌరస్తా దాకా రావడానికి ఎంతసేపు పడుతుందో ట్రాఫిక్ దయ. ఆయన వచ్చి ఈ బల్ల ముందు కూర్చుంటారు, మేనేజరు కేదార్ సారు మా సాఫ్ట్‌వేర్ గురించి చెబుతాడు, గనిలో ఎక్కిన బొగ్గు ప్లాంటు చేరేదాకా ఏ వ్యాగను ఎక్కడుందో, ఎంత బరువుందో తెర మీద కనబడుతుంది, ఎక్కిన బొగ్గులో ఒక్క పెళ్ళ కూడా దారిలో తగ్గదు సార్ అంటాడు. ఆ మాట అనేటప్పుడు రైలు గుండ్రంగా తిరిగి ఆగాలి, నేను అయస్కాంతం పుల్లతో లోడ్లు ఒక్కొక్కటే పైకెత్తాలి, తెర మీద అంకె అంతే ఉందని చూపించాలి, రైలు ఖాళీగా వెనక్కి పోవాలి. ఇదీ డెమో. ఒక్క పెళ్ళ కూడా తగ్గదు అని సారు అంటున్నప్పుడు జోగారావు గారి కళ్ళ ముందు నేను చేసిన వ్యాగన్లు, మూలమూలనా బొగ్గు పోయిన వ్యాగన్లు. సున్నం ఎందుకు చల్లుతారో ఆయనకు తెలియకుండా ఉంటుందా? గని దగ్గర లోడు నిండాక పైన సున్నపు నీళ్ళు చల్లేది అందుకే, దారిలో ఎవరైనా తీస్తే తెల్లటి దాంట్లో నల్లగా తెలిసిపోవాలని.

ఇద్దరిని తీసుకుంటాను హనూ అన్నాడు కేదార్ సారు, డెమో క్లిక్ అయితే బెంచి మీద నుంచి ఇద్దరిని నా ప్రాజెక్టులోకి తీసుకుంటాను, క్లిక్ కాకపోతే నా చేతిలో ఏమీ లేదు. బెంచి అంటే పని లేకుండా ఆఫీసులో కూర్చోవడం. ఎండాకాలం నుంచి కూర్చునే ఉన్నాను. పొద్దున టక్ చేసుకుని వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని, చదివిన పుస్తకమే మళ్ళీ చదివి, టీ తాగి, ఎవరైనా పిలుస్తారేమోనని మెడ నిక్కించి, సాయంత్రం ఇంటికి. పోయిన నెల ఒక శుక్రవారం మా వరుసలో వాళ్ళను ఒక్కొక్కరినీ లోపలికి పిలిచారు. వాళ్ళు బయటికి వచ్చి బ్యాగులు తీసుకుని మెట్లు దిగి వెళ్ళారు. మైత్రీవనం ముందు ఇప్పటికీ కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు పంచుతూనే ఉన్నారు, జావా, మెయిన్‌ఫ్రేమ్, వంద శాతం ఉద్యోగం అని, నాకు కూడా ఇస్తారు, నా మెడలో కంపెనీ కార్డు వేలాడుతున్నా ఇస్తారు, ఎవరు లోపల ఉన్నారో ఎవరు బయట పడ్డారో వాళ్ళకు ముఖం చూస్తే తెలుస్తుందేమో. మా అమ్మ రుద్రమ్మకు ఇవేమీ చెప్పలేదు. బల్కంపేట సందులో మా ఒంటి గది ముందు కూర్చుని అందరికీ చెబుతుంది, మా హనుమాండ్లు కంప్యూటర్ల పని చేస్తుండు, ఏసీ రూముల కూసుంటడు, చేతులు సుత నల్లగ గావు అని. రుద్రమ్మ కొడుకు చేతులు నల్లగా కాని పని చేస్తున్నాడు. మూడు వారాలుగా మాత్రం అమ్మ ముందే చేతులు నల్లగా చేసుకుంటున్నాను. ఆఫీసు పనే అంటే నమ్మింది. సార్లు చెప్పిన్రంటే చెయ్యాలె బిడ్డా అంది.

మూడు వారాల కింద మీటింగ్‌లో వ్యాగన్లు డబ్బాలోంచి తీసినప్పుడు ఖాళీగా ఉన్నాయి. జర్మనీ నుంచి తెప్పించారట. ఎంత అందంగా ఉన్నాయో, తలుపులు, గొళ్ళాలు, పక్కన ఎక్కే నిచ్చెన కూడా ఉంది, వెంట్రుక మందాన. ఖాళీ రైలు తిప్పితే ఏం లాభం, లోడ్లు కావాలి, తీసి పెట్టేలా ఉండాలి, ఎవరు చేస్తారు అన్నాడు కేదార్ సారు, అందరూ నవ్వారు, మట్టి పోద్దాం సార్ అన్నాడొకడు, నల్ల నువ్వులు పోద్దాం అంది రవళి. నేను చెయ్యెత్తాను. ఎందుకెత్తానో అప్పుడు తెలియలేదు. బెంచి మీద వాడికి ఎత్తడానికి చెయ్యి తప్ప ఏముంది. నేను చేస్తాను సార్, బొగ్గు వ్యాగన్లు నాకు తెలుసు అన్నాను. ఎలా తెలుసని ఎవరూ అడగలేదు.

మొదటిది పాడైంది. బొగ్గుపొడి ఫెవికాల్‌తో కలిపి నేరుగా వ్యాగన్లో పోశాను, తెల్లారేసరికి వ్యాగనూ బొగ్గూ ఒకటైపోయి ఊడి రాలేదు. తరువాత నేర్చుకున్నాను. థర్మోకోల్ ముక్క వ్యాగను లోపలి కొలత కంటే నూలుపోగంత తక్కువ కోసి, పక్కలు గరుకు కాగితంతో రుద్ది, పైన గుట్టలు గుట్టలుగా చెక్కాలి, చదునుగా కాదు, పై నుంచి పడిన బొగ్గు ఎప్పుడూ చదునుగా ఉండదు, ఒక గుట్ట, ఒక పల్లం, మళ్ళీ గుట్ట. శిఖరం కింద చిన్న ఇనుప వాషరు దాచిపెట్టాలి, అయస్కాంతం అందుకోవడానికి. నల్ల రంగు వేసి, ఫెవికాల్ రాసి, ముందు పొడి, ఆ పైన పలుకులు. పొడి కోసం మొదట ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులు అడిగి తెచ్చాను. అమ్మ ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపి చూసి, "గిది కట్టెబొగ్గు రా. దీనికి మెరుపుండదు. గనిల బొగ్గు గావాలె నీకు" అంది. అందుకే ఆదివారం బస్సెక్కి ఊరికి పోయాను.

ఊరంటే ఊరు కాదు, రైలు లైను వంపు తిరిగే చోట నాలుగు వరుసల గుడిసెలు. వంపులో బొగ్గు బండి నెమ్మదిస్తుంది, సిగ్నల్ లేకపోతే ఆగిపోతుంది కూడా. అమ్మ చెంగు నడుముకు దోపి, బుట్ట కింద పెట్టి, నిచ్చెన పట్టుకుని ఎక్కేది, నిచ్చెన ఉండేది మూల దగ్గర, అందుకే చెయ్యి అందేది మూల బొగ్గే, అందుకే ప్రతి వ్యాగనుకూ మూల నల్లగా ఉండేది. అమ్మ తీసి విసిరేది, కింద నేను ఏరేవాడిని. నేను కూడా ఎక్కుతా అంటే, "నీ చేతులు పుస్తకానికి, బిడ్డా" అనేది. సున్నం తడిగా ఉన్న రోజు అమ్మ అరచేతులు తెల్లబడేవి. లైను పక్కన బతికే అందరి చేతులూ నల్లగానే ఉంటాయి, నలుపును చూసి ఎవరినీ పట్టుకోలేరు, కాపలావాడు మొగిలయ్య అందుకే తెలుపు కోసం వెతికేవాడు. చేతులు సూపియ్యి అనేవాడు. ఆడవాళ్ళంతా వరసగా చేతులు చాపి నిలబడేవాళ్ళు, బళ్ళో మేము పంతులు ముందు గోళ్ళు చూపించడానికి చాపినట్టు. అమ్మ మట్టితో ఎంత తోమినా గీతల్లో తెలుపు ఉండిపోయేది. ఒకసారి ఆమెను స్టేషను దగ్గరికి తీసుకుపోయి పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబెట్టారు, నెత్తి మీద ఆ బొగ్గు బుట్ట దించనివ్వకుండా. బళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి, కిటికీల్లోంచి జనం చూస్తున్నారు. ఇంటికొచ్చాక పచ్చిపులుసు కలుపుకున్న చెయ్యి సున్నపు పగుళ్ళలో మండుతుంటే ఎడం చేత్తో తింటూ, పలక తియ్యి, ఎక్కాలు చదువు అంది. చదివాను. అన్నీ చదివాను.

వైట్‌నర్. రిసెప్షన్లో ఉంటుంది, కాగితం మీద తప్పులు చెరిపే తెల్ల సీసా. పరుగెత్తుకెళ్ళి తెచ్చాను, చివరి వ్యాగను లోడు బయటికి తీసి నల్లటి మూల మీద బుల్లి కుంచెతో పూశాను. తెల్లగా నిండింది. హమ్మయ్య అనుకునేలోపు సన్నగా చప్పుడు, నీళ్ళు పడిన సున్నంలా చుయ్‌మని, ఆ మందు వాసన గుప్పుమంది, లోపల థర్మోకోల్ కరిగిపోతోంది, పైన బొగ్గు పెచ్చు నెమ్మదిగా లోపలికి కుంగుతోంది, ఆపడానికి వేలు పెడితే వేలితో పాటు ఇంకా కుంగింది. మూల దగ్గర ఇప్పుడు చిన్న గొయ్యి. బుట్టెడు బొగ్గు తీసినంత గొయ్యి, చుట్టూ తెల్లటి మరకలు. ఇది దాచేది కాదు, ఇది పట్టించేది. ఆ వాసన పోవాలని కిటికీ తీశాను. కింద చౌరస్తాలో హారన్లు, ఖైరతాబాద్ వైపు బస్సులు ఒకదాని వెనక ఒకటి కదలకుండా నిలబడ్డాయి, ఆయన కారు కూడా వాటిలో నిలబడి ఉంటే బాగుండు, గంటసేపు అక్కడే ఉండిపోతే బాగుండు, ఇంటికి పోయి సున్నం డబ్బా తెచ్చుకునే టైము లేదు, బల్కంపేట దాకా ఆటోలో పోయి రావాలంటే ఆ బస్సుల మధ్యలోంచే. ఇక్కడే ఎక్కడ దొరుకుతుంది సున్నం? ఇంత పెద్ద పంజాగుట్టలో, ఇన్ని అద్దాల మేడల్లో ఎక్కడ ఉంటుంది సున్నం అనుకుంటుంటే, మా మేడ కిందే, మెట్ల పక్కనే, పాన్ డబ్బా.

లిఫ్ట్ కోసం ఆగలేదు. అన్నా, కొంచెం సున్నం కావాలి అంటే పాన్ డబ్బా ఆయన నా టై వైపు, ముఖం వైపు చూశాడు. "ఒట్టి సున్నమా భాయ్? ఆకు వద్దు, వక్క వద్దు? ఏంది కత, ఆఫీసుకు సున్నం ఏపిస్తుండ్రా మీతోని?" పక్కన సిగరెట్టు కాలుస్తున్నాయన గట్టిగా నవ్వాడు. నేను కూడా నవ్వాలనుకున్నాను, ముఖం కదల్లేదు. ఆయనకు ఏమనిపించిందో, నవ్వు ఆపి, తమలపాకు ఒకటి తీసి దాని మీద నిండుగా సున్నం వేసి, "తీస్కపో. ఫికర్ చెయ్యకు, ఏదైన గానీ అయితది" అన్నాడు. మెట్లెక్కుతుంటే అర్థమైంది నేను ఏడుస్తున్నానని. ఆపుకున్నాను. నీళ్ళ సీసా మూతలో సున్నం కలిపి, అగ్గిపుల్లతో ఒక్కొక్క మూలా మూయడం మొదలుపెట్టాను. ఒక మూల మూసుకుంది, ఇంకో మూల మూసుకుంది. నల్లది కనబడకుండా పోతుంటే భయం తగ్గాలి కదా, తగ్గలేదు, ఎవరో ఉన్న చోట ఎవరూ లేరని నేను పూత పూస్తున్నాను, అమ్మ ఎక్కలేదు, తియ్యలేదు, విసరలేదు, నేను ఏరలేదు, ఆ బొగ్గు బుట్టల మీద నేను చదువుకోలేదు. చివరిదాని గొయ్యి మాత్రం పూడలేదు. బొగ్గుపలుకుల సంచీ ఇంట్లో ఉంది. ఆ ఆదివారం ఊళ్ళో లచ్చమ్మ పెద్దమ్మ నింపి ఇచ్చిన సంచీ.

పెద్దమ్మ ఇంకా ఎక్కుతోంది. మోకాళ్ళ నొప్పులు, అయినా ఎక్కుతోంది, ఆమె కోడలు కింద ఏరుతోంది, పక్క గుడిసె వాళ్ళు, ఆ చివరి ఇంటి పిల్ల. ఆ రోజు నన్ను చూసి పెద్దమ్మ నిచ్చెన మీద నుంచే అరిచింది, "ఏం రా కంప్యూటరు! బొగ్గుకొచ్చినవా? హైదరాబాదుల గ్యాసు అయిపోయిందా?" అందరూ పకపకా నవ్వారు. వద్దు పెద్దమ్మా, నేను కింద పడినవి ఏరుకుంటా అన్నాను. కింద పడినవి మట్టి బొగ్గురా, మంచివి తీస్కపో అని మెరిసే పెళ్ళలు ఏరి ఏరి నా సంచీలో వేసింది. మీ సార్లకు జెప్పు, మీ పెద్దమ్మ ఇచ్చిందని. చెబుతా అన్నాను.

"ఏంటి హనూ ఆ చేతులు? వెళ్ళి కడుక్కో, సారు లిఫ్ట్‌లో ఉన్నారు!" కేదార్ సారు. కడుక్కునే టైము లేదు, కర్చీఫుతో తుడుచుకున్నాను. గొయ్యి పడిన లోడును చివరి వ్యాగన్లోనే గొయ్యి గోడ వైపు వచ్చేలా తిప్పి పెట్టాను. జోగారావు గారు వచ్చారు. నెరిసిన జుట్టు, జేబులో రెండు పెన్నులు, మంచి మనిషి ముఖం. మంచినీళ్ళు తాగారు, రైలు చూసి చిన్నపిల్లాడిలా ముందుకు వంగారు. రవళి స్విచ్ వేసింది. రైలు తిరిగింది, కేదార్ సారు చెబుతున్నాడు, ఒక్క పెళ్ళ కూడా తగ్గదు సార్ అన్నాడు, రైలు ఆగింది, నేను అయస్కాంతంతో ఒక్కొక్క లోడూ ఎత్తుతున్నాను, వస్తున్నాయి, ఎక్కడా పట్టుకోకుండా మెత్తగా పైకి వస్తున్నాయి. ఆయన అవేవీ చూడటం లేదు. లేచి బల్ల చుట్టూ తిరిగి గోడ వైపు వెళ్ళి, చివరి వ్యాగను ముందు వంగారు.

"ఓహో! ఇదయ్యా అసలు వ్యాగను!" అని గట్టిగా నవ్వారు. "అవన్నీ పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి. మా ప్లాంటుకి వచ్చేవన్నీ ఇదిగో, ఇలా మూల కొరికేసే వస్తాయి. సున్నం, నిచ్చెన పక్కన గొయ్యి, అచ్చం! ఎవరు చేశారండీ?"

కేదార్ సారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "కావాలనే పెట్టాం సార్. తేడా చూపిద్దామని. మా హనుమాండ్లు చేశాడు." ఏడాదిన్నరలో మొదటిసారి ఆయన నోట నా పూర్తి పేరు. చెయ్యి నా భుజం మీద పడింది. జోగారావు గారు నన్ను పైనుంచి కింది దాకా చూశారు, దయగానే చూశారు. "నీకు ఆ లైను తెలుసన్నమాట. చూడు బాబూ, బరువు తగ్గిందని తెర మీద చూపిస్తే నాకేం లాభం? తగ్గిందని నాకూ తెలుసు. ఎక్కడ తగ్గుతుందో కావాలి. అక్కడ మనుషులను పెడతాను." ఆయన మనిషి ఒకడు బల్ల మీద లైను మ్యాపు పరిచాడు. కేదార్ సారు నా చెవి దగ్గర మెల్లగా, "సోమవారం నుంచి నువ్వు ప్రాజెక్టులో ఉన్నావ్ హనూ. చెప్పు, తెలిస్తే చెప్పు" అన్నాడు. రవళి నా వైపు చూసి బొటనవేలు ఎత్తి నవ్వింది. సోమవారం. అమ్మకు చెప్పొచ్చు, చెప్పకుండా దాచిందంతా దాచిపెట్టేసి ఈ ఒక్కటే చెప్పొచ్చు. తెలియదు సార్ అనాలి. నోట్లో ఆ మాట ఉంది. సున్నం సంగతి తెలిసినవాడికి చోటు తెలియదంటే ఎవరు నమ్ముతారు? అడిగితే తెలిసింది చెప్పాలని బళ్ళో నిలబెట్టి నేర్పారు, తెలిసీ చెప్పనివాడు మొద్దని నేర్పారు, ఒకటో తరగతి నుంచి ఎం.సి.ఏ. దాకా చెయ్యెత్తి చెబుతూనే ఇక్కడి దాకా వచ్చాను, వేరే ఏ విద్యా నాకు రాదు. మ్యాపు మీద లైను వంపు తిరిగే చోట వేలు పెట్టాను. వేలి అంచున ఇంకా తడి సున్నం ఉన్నట్టుంది, తీసేసరికి అక్కడ చిన్న తెల్లటి మచ్చ పడింది.

"ఇక్కడా? ఎప్పుడెక్కుతారు?"

"పొద్దుగాల్ల సార్. సిగ్నలు దొరకక బండి ఆగినప్పుడు." నా నోట అమ్మ మాట వచ్చింది. ఎవరూ గమనించలేదు. ఆయన మనిషి రాసుకుంటున్నాడు.

"ఎంతమంది ఉంటారు?"

ఒక్కొక్క ముఖం గుర్తొచ్చింది. నవ్వుతున్న ముఖాలే.

"నలుగురు సార్" అన్నాను. లచ్చమ్మ పెద్దమ్మను లెక్కపెట్టలేదు.